రుచి చూసే హక్కు

పోయిన డిసెంబరు చివరి వారంలో నేనొక వైన్ సీసా కొన్నాను. యాభై రెండేళ్ల వయసులో, నా జీతం డబ్బుతో, నేనుగా వెళ్లి కొన్న మొదటి సీసా అది. ధర 940 రూపాయలు. ఇంటికొచ్చి రోజూ చేసే అలవాటు ప్రకారం ఖర్చుల పుస్తకం తీశాను. ఆ 940 ఏ పద్దు కింద రాయాలో తెలియక పెన్ను ఆగిపోయింది.

మా ఇంటి పద్దులు చాలావరకు మా అమ్మ పుస్తకం నుంచి వచ్చినవే. సరుకులు, పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాసు, మందులు, చదువులు, పెట్టుపోతలు, ఇతరాలు. నేను చేర్చినవి ఇంటి అప్పు వాయిదా, ఫోన్లు. వైన్‌ను సరుకుల్లో రాస్తే అబద్ధమవుతుంది. మందుల్లో రాస్తే, తెలుగులో ఆ మాటకున్న రెండర్థాల వల్ల నిజమే అవుతుంది గానీ నవ్వులాటగా ఉంటుంది. ఇతరాలంటే మా ఇంట్లో చెప్పులు కుట్టించడం, కుక్కర్ గాస్కెట్టు, గుడి హుండీ. వాటన్నిటికీ ఒక కారణం ఉంది. దీనికి కారణమేమిటంటే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను, అంతే. ఆ రాత్రి రాయకుండానే పుస్తకం మూసేశాను. పెళ్లయ్యాక ఒక ఖర్చు దాచిపెట్టడం నాకదే మొదటిసారి.

నిజానికి దాచాల్సిన అవసరం లేదు. నా సహచరుడు ఏమీ అనడు. అనలేదు కూడా. సీసా మూత తిప్పి తీసింది తనే. అయినా దాచాను. ఎందుకని ఆలోచిస్తే ఇది నా ఒక్కదాని సిగ్గు కాదనిపించి ఇలా రాస్తున్నాను.

ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. డిగ్రీ కాలేజీలో పాతికేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను. కీట్స్ రాసిన నైటింగేల్ కవితలో రెండో చరణమంతా ద్రాక్ష మద్యం గురించే. ఆ రంగు, ఆ నురగ, నేలమాళిగలో దాచిన ఆ చల్లదనం. ఏటా ఆ చరణం దగ్గరికొచ్చేసరికి పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వి ముందుకెళ్తాను. నాకు తెలియని రుచిని పాతికేళ్లుగా వివరిస్తున్నానని ఒక రోజు క్లాసులో ఉండగానే స్ఫురించింది. పండక్కి వచ్చే బోనస్సులో వెయ్యి రూపాయలు తీసి పెట్టుకున్నాను.

మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డున్న దుకాణాల్లో వైన్ కొనేవాళ్లు ఎంతమందో గానీ, ఆ కటకటాల ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. ఒక మాల్‌లో గాజు తలుపుల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు చాలా మర్యాదగా అడిగాడు. "సార్‌కా మేడమ్?" కాదని అన్నాను. "అయితే గిఫ్ట్ ప్యాక్ చెయ్యనా?" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. ఆడమనిషి సీసా కొంటే అది ఇంకొకరి కోసమే అయ్యుండాలి. అతనికి తెలిసిన లోకం అది. నాకు తెలిసిన లోకమూ అదే. లేకపోతే "ఆఁ, గిఫ్టే" అని ఎందుకంటాను? ఇరవై రూపాయల రంగు కాగితంలో చుట్టించుకుని మరీ వచ్చాను.

రుచి సంగతికొస్తే, వగరు. ద్రాక్షపండు తియ్యదనం ఏ మూలా లేదు. నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే పొరలాంటిది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ల వల్ల ఆ వగరు వస్తుందనీ, డికాషన్‌లోనూ నేరేడులోనూ ఉండేవి ఆ జాతివేననీ తర్వాత చదివాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాను. నా సహచరుడు ఒక గ్లాసు తాగి "పర్లేదు" అన్నాడు. ఎనభై ఏళ్ల మా అత్తయ్య మంచం మీంచి లేచొచ్చి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "అరిష్టం వాసనేనే అమ్మాయ్" అన్నారు.

ఆవిడ చెప్పింది నిజమే. ఆయుర్వేదంలో ఆసవాలూ అరిష్టాలూ పులియబెట్టి చేసేవే. పులిసేటప్పుడు పుట్టే ఆల్కహాల్ కొంత వాటిల్లో ఉంటుంది. ద్రాక్షారిష్టంలో ద్రాక్షే ముఖ్యం. బాలింతలకు దశమూలారిష్టం పట్టడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. అత్తయ్య నాలుగు కాన్పులకీ తాగారట. అంటే మా ఇంటి ఆడవాళ్లకు పులిసిన ద్రాక్ష కొత్తేమీ కాదు. బిడ్డకు పాలు పడాలని, నడుం గట్టిపడాలని తాగితే అది మందు. ఎలా ఉంటుందో చూద్దామని తాగితే అదీ మందే, కానీ అర్థం మారిపోతుంది. ఆడదాని నోట్లోకి వెళ్లేదానికి శరీరమో సంతానమో పూజో ఏదో ఒక పూచీ ఉండాలి. ఉత్త రుచి కోసమైతే మాత్రం దానికో పేరుంది, జిహ్వచాపల్యం.

ఇక్కడ నన్ను పట్టిన ప్రశ్న ఇది. పదిమందికి చెందిన డబ్బులోంచి ఒక మనిషి, అవసరం లేనిదీ బాగుంటుందో లేదో తెలియనిదీ అయిన వస్తువును తన నాలుక కోసం కొనడం తప్పా?

ఖర్చులు మూడు రకాలనుకుందాం. అవసరమైనవి, ఇష్టమని ముందే తెలిసినవి, తెలియనివి. మొదటిదానికి సంజాయిషీ అక్కర్లేదు. రెండోదానికి "ఇష్టం" అన్న జవాబుంది. మూడోదానికి కొనేటప్పుడు ఏ జవాబూ లేదు. బాగుంటే మంచి పని చేశావంటారు, లేకపోతే డబ్బు తగలేశావంటారు. ప్రయోగమంటే అదే కదా, నష్టపోవడానికి ముందే ఒప్పుకోవడం. కాబట్టి ఒక ఇంట్లో ప్రయోగం చేసే హక్కు ఎవరికుందో తెలియాలంటే, నష్టపోయే హక్కు ఎవరికుందని అడగాలి.

మా ఇంట్లో ఈ లెక్క స్పష్టంగా ఉంది. 2008లో షేర్ల ధరలు కుప్పకూలినప్పుడు నా సహచరుడు పెట్టిన 40 వేలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దానికి ఇంట్లో పెట్టుకున్న పేరు "అనుభవం". ఆ తర్వాత రెండేళ్లకు నేను ఓవెన్‌లో చేసిన మొదటి కేకు రాయిలా తయారైంది. అరకిలో వెన్న, డజను గుడ్లకు బదులు వాడిన పాలపొడి డబ్బా. దానికి పెట్టిన పేరు "దుబారా". ఆ మాట అన్నది తను కాదు, అత్తయ్య కాదు. నేనే అనుకున్నాను. రెండు నెలలపాటు కూరగాయల్లో కోత వేసి ఆ డబ్బు పూడ్చాను. 40 వేలను ఎవరూ పూడ్చలేదు.

మా అమ్మ తరం కూడా కొత్త వంటలు చేసింది. వారపత్రికల్లోంచి కత్తిరించిన వంటల కాగితాలు అమ్మ పోపుల డబ్బా అడుగున నూనె మరకలతో ఉండేవి. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ "ప్రమదావనం" శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారు. ఆవిడ "వంటలు - పిండివంటలు" పుస్తకం కాపురానికెళ్లే ఎందరో అమ్మాయిల పెట్టెల్లో ఉండేది. పక్కింటి వంట కూడా మడికి అడ్డొచ్చే రోజుల్లో పరాయి ప్రాంతాల వంటకాలను తెలుగు వంటింట్లోకి తెచ్చిన పుస్తకం అది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అమ్మ కొత్తగా ఏం చేసినా "పిల్లలకు ఇష్టమవుతుందని", "నాన్నగారి స్నేహితులొస్తున్నారని" చేసేది. కుదిరిందా లేదా అన్నది మా ముఖాలు చూసి తేల్చుకునేది. తన పళ్లెంలోకి వచ్చేది మిగిలింది, లేదా మాడింది. కుదరకపోతే మొత్తం తనే తినేది. ప్రయోగం అందరి కోసం, నష్టం ఒక్కదానిది.

మడీ ఆచారం ఉన్న మా అత్తవారింట్లో ఇది ఇంకో మెట్టు పైనుండేది. నైవేద్యానికి ముందు వంటను రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. కాబట్టి అత్తయ్య ఉప్పూ పులుపూ వాసనతోనే పట్టేవారు. పులుసు మరిగే వాసన చూసి "ఉప్పు చాల్లేదు" అనేవారు, నిజంగానే చాలేది కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆ నేర్పు చూసి మురిసిపోయాను. ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. అరవై ఏళ్లు వండిన మనిషికి తన వంటను అందరికంటే ముందు నాలుక మీద వేసుకునే అనుమతి లేదు. రుచి ఆవిడ పని, కానీ ఆవిడ సొత్తు కాదు.

ఇంట్లోకి వచ్చే కొత్త వస్తువుల కథా ఇంతే. హైదరాబాదులో 1938లో మొదలైన నాంపల్లి ఎగ్జిబిషన్ ఏటా జనవరి ఒకటో తారీకున తెరుస్తారు. అక్కడ కూరగాయలు తరిగే పరికరం అమ్మేవాడి చుట్టూ ఉండేదంతా ఆడవాళ్లే. వాడి చేతిలో క్యారెట్ పువ్వై, ఉల్లిపాయ దారమై రాలుతుంటే కళ్లార్పకుండా చూస్తాం. ఇంటికొచ్చాక అది ఒక్క దోసకాయనూ తరగదు. ఆ ప్లాస్టిక్ ముక్కను అలమారలో వెనక్కి తోసి ఎవరికీ చెప్పం. ఒకవేళ పనిచేసిందనుకోండి, రోజూ సన్నగా తరిగిన సలాడ్ కావాలంటారు. ఇంటి పరికరాలు ఆడవాళ్ల చాకిరీని తగ్గించకపోగా శుభ్రతకూ రుచికీ ఉన్న కొలతలను పెంచాయని అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ఒక పుస్తకమే రాసింది. మిక్సీ వచ్చాక పచ్చడి రెండు పూటలా కొత్తగా కావాల్సివచ్చిన ఇళ్లలో పెరిగిన మనకు ఆవిడ చెప్పకపోయినా తెలుసు.

కుటుంబానికంతా కలిపి ఒకే ఇష్టం ఉన్నట్టు లెక్కలు వేయడం అర్థశాస్త్రంలో చాలాకాలం నడిచింది. 1990లో అమర్త్య సేన్ కుటుంబం లోపలి సహకారం గురించీ సంఘర్షణ గురించీ రాసిన వ్యాసం ఆ లెక్కను ప్రశ్నించింది. ఇంట్లో కలిసి బతకడం అందరికీ లాభమే, కానీ ఆ లాభంలో ఎవరి వాటా ఎంతన్న దాని మీద పైకి కనపడని పోరు ఉంటుంది. ఆ పోరులో, తన మేలును కుటుంబం మేలు నుంచి వేరుచేసి చూసుకోవడం రాని మనిషికి తక్కువ వాటా వస్తుంది. "మా ఇంట్లో ఇది ఎవరికీ ఇష్టం ఉండదు" అని మనం అంటాం చూడండి, ఆ "ఎవరికీ"లో మనం ఉన్నామో లేమో చెప్పలేం.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం తేలిగ్గా ముగిసిపోయేది. నష్టపోయే హక్కు మాకూ కావాలి, వైన్ సీసా అందుకో గుర్తు అని రాసేసి సంతకం పెట్టొచ్చు. కానీ నా ప్రశ్నకు అడ్డంగా దూబగుంట నిలబడి ఉంది.

1992లో నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. మా నెల్లూరు జిల్లాలో అప్పుడు అక్షరదీపం పేరుతో రాత్రిబడులు నడుస్తున్నాయి. వాటిలో చదువుకుంటున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ పేరు జిల్లా దాటి వినిపించింది. ఆ కథ "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై మళ్లీ రాత్రిబడులకే చేరింది, ఊరూరా పాకింది. చీపుళ్లూ కారం పొట్లాలూ పట్టుకుని ఆడవాళ్లు సారా పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో ఎత్తేశారు. నా తరం వాళ్లం చాలామందిమి స్త్రీవాదాన్ని పుస్తకాల కంటే ముందు ఆ ఊరేగింపుల్లో చూశాం. అలాంటిది నేనిప్పుడు 940 రూపాయల సీసా ముందు కూర్చుని "స్త్రీకి రుచి చూసే హక్కు" అంటే, ఆ ఆడవాళ్లు నా మొహం మీద ఏమంటారు?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబులున్నాయి, వాటిని నేను నమ్మను. సారా వేరు, వైన్ వేరు అనడం వర్గపు మాట. తాగింది ఎవరన్నదాన్ని బట్టి ద్రవానికి సంస్కారం రాదు. ఆడవాళ్లు తాగడం మన సంస్కృతి కాదనడం కులపు మాట. తెలంగాణ పల్లెల్లో కల్లు తాగే ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. బోనాల్లో అమ్మవారికి పోసే సాకలో కల్లూ ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి సుమారు ఏడుగురు మద్యం తాగుతామని చెప్పారు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒక్కరు కూడా లేరు. "మన ఆడవాళ్లు" అన్న మాటలో ఎవరిని కలుపుకుంటున్నామో, ఎవరిని వదిలేస్తున్నామో చూసుకోవాలి.

దూబగుంట ఆడవాళ్లు దేన్ని వద్దన్నారు? మగవాడి నాలుకకు రుచి ఉండటాన్ని కాదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే పాకలో ఖర్చయిపోవడాన్ని, ఆ రాత్రి పొయ్యి వెలగకపోవడాన్ని, దెబ్బలు తినడాన్ని. ఎంచుకునేది ఒకరు, మూల్యం చెల్లించేది మరొకరు. ఆ అమరికను వాళ్లు కాదన్నారు. ఆ ఆడవాళ్లే తర్వాత పొదుపు సంఘాలు పెట్టుకుని రోజుకో రూపాయి దాచుకున్నారంటే, డబ్బు మీద తమ మాట ఉండాలనే.

అలా అర్థం చేసుకుంటే నా వైన్ సీసా వాళ్ల ముందు దోషి కాదు. ఎంచుకున్నది నేను, నష్టపోయింది నేను, ఆ నెల నేను కొనుక్కోవాలనుకున్న రెండు పుస్తకాలు మానుకున్నాను. ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ కొలత చేతికొచ్చాక దాన్ని వైన్ దగ్గరే ఆపడం కుదరలేదు. వంటింట్లో అటూ ఇటూ తిప్పి చూస్తే కినోవా దగ్గర ఆగింది.

కినోవా సంగతి ఇది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ గింజలు షుగర్ ఉన్నవాళ్లకు మంచివని టీవీలో విని, అత్తయ్య కోసమని అరకిలో కొన్నాను. ఉప్మా చేశాను. ఎవరూ తినలేదు. నేనూ తినలేదు. గిన్నెడు ఉప్మానూ మిగిలిన పొట్లాన్నీ మా ఇంట్లో పని చేసే ఆమెకు ఇచ్చేశాను. "ఏందమ్మా గిది, కొర్రలా?" అంది. కాదు, విదేశాల నుంచి వచ్చింది, చాలా ఖరీదు, బలం అన్నాను. ఆమె తీసుకుంది. ఖర్చుల పుస్తకంలో కినోవా దుబారా కింద పడలేదు. వస్తువు వృథా కాలేదు కదా, ఒక మనిషి కడుపులోకి వెళ్లింది కదా అనుకున్నాను. మనసు తేలికపడింది కూడా.

ఇప్పుడు వెనక్కి తిరిగి లెక్కపెడితే పదకొండేళ్లుగా నా ప్రతి ప్రయోగం ఆమె దగ్గరే ముగుస్తోంది. గట్టిపడ్డ కేకు, చేదెక్కిన బ్రోకలీ కూర, ఆలివ్ నూనె వాసన వేసే పులిహోర, తరగని తరుగుడు పీట. బాగా కుదిరినవి ఆమెకు ఎన్ని ఇచ్చానో గుర్తుచేసుకోబోతే వేళ్ల మీదికి రావడం లేదు. కుదిరితే మేమే తినేస్తాం. మా అమ్మ మాడినదాన్ని తనే తినేది. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి మాడినదాన్ని తినే పనిని ఇంకో ఆడమనిషికి అప్పగించగలిగాను. దాన్ని దయ అనుకున్నాను.

వర్జీనియా వుల్ఫ్ 1929లో అచ్చైన "ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్"లో రెండు భోజనాలను పక్కపక్కన పెడుతుంది. మగవాళ్ల కాలేజీలో మధ్యాహ్నం విందు, వైన్ ఉంటుంది. ఆడవాళ్ల కాలేజీలో రాత్రి భోజనం, ఉడకబెట్టిన ఎండుపళ్లూ మంచినీళ్లూ ఉంటాయి. ఈ తేడా నాలుకకు సంబంధించింది మాత్రమే కాదనీ, ఆలోచించే తీరికకూ ధీమాకూ సంబంధించిందనీ ఆవిడ వాదన. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు నాకెప్పుడూ ఉత్సాహమే. కానీ ఆ వుల్ఫ్ ఇంట్లో నెల్లీ బాక్సాల్ అనే వంటమనిషి చాలా ఏళ్లు పనిచేసింది. ఆమెతో పడిన గొడవలు, చిరాకులు వుల్ఫ్ డైరీల నిండా ఉన్నాయి. తనకంటూ ఒక గది, ఏడాదికి 500 పౌన్లు అని లెక్క కట్టిన రచయిత్రి ఇంట్లోనే, ఆ లెక్కలోకి రాని ఒక స్త్రీ పళ్లెం ఉంది. ఇది చెప్పి వుల్ఫ్‌ను చిన్నబుచ్చాలని కాదు. ఆవిడ వాక్యాలకు చప్పట్లు కొట్టే నేను ఆవిడ వంటింటికీ వారసురాలినే అని ఒప్పుకోవడానికి.

మా ఇంట్లో పని చేసే ఆమెను అడిగాను, కొంచెం భయపడుతూనే. ఆ కినోవా ఏం చేశావు? ఆమె గిన్నెలు తోముతూ నవ్వింది. "కోళ్లకేసిన. అవి గూడ సక్కగ తినలే."

మరి అప్పుడే వద్దనొచ్చు కదా అన్నాను. "వద్దంటే మల్ల ఇయ్యవు కదమ్మా. నువ్విచ్చేదాంట్ల ఎప్పుడన్న మంచిది గూడ ఉంటది."

ఇందులో ఫిర్యాదు లేదు. నేనిచ్చే ప్రతి గిన్నె ఆమెకు ఒక లెక్క. ఆమె తీసుకునేది వస్తువును కాదు, రేపటి వస్తువు వచ్చే దారిని. కాదనే స్వేచ్ఛ లేని చోట ఇవ్వడాన్ని ఏమనాలో నాకు తెలియదు. కానం అనలేం, పంచుకోవడమనీ అనలేం.

ఆ మాటల్లోనే ఆమె తన సంగతి ఒకటి చెప్పింది. చిట్టీ డబ్బులొచ్చినప్పుడు ఎగ్జిబిషన్‌లో కరెంటు మీద రొట్టెలు చేసే మిషను కొందట, పదహారు వందలకు. రెండు వారాలకు కాలిపోయింది. కొడుకు తిట్టాడట, మొగుడు నెల రోజులు దెప్పాడట. "బాధ అనిపించలేదా?" అన్నాను. "ఎందుకమ్మా? నా పైసలు. ఖరాబైతే నాయే ఖరాబైనయి. పెనం మీద రొట్టెలు చెయ్యంగ చెయ్యంగ నడుం పోతున్నది, చూద్దామనుకున్న. చూసిన."

ఆ "చూసిన" అన్న మాట విని నాకు సిగ్గేసింది, అసూయ కూడా కలిగింది. వైన్‌ను రంగు కాగితంలో చుట్టించుకుని, పుస్తకంలో రాయకుండా దాచుకున్న నాకు ఆ ఒక్కమాట అనడం రాలేదు. అయితే ఆమెను చూసి పొంగిపోయి "శ్రామిక స్త్రీ ధైర్యం" అని రాసేసుకోవడం కూడా ఒక రకం దొంగతనమే. ఆ పదహారు వందలు ఆమెకు మా ఇంట్లో పన్నెండు రోజుల పని. నా 940 నాకు సగం రోజు జీతం కూడా కాదు. ఆమె చేసిన ప్రయోగం నాదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. కాలిపోతే అందుకునే వాళ్లు ఆమె కింద ఎవరూ లేరు. నా కింద ఆమె ఉంది.

కాబట్టి నాకు తేలింది ఇంత. తెలియని రుచి కోసం డబ్బు పెట్టడం తప్పు కాదు. ఎప్పుడూ తెలిసినదే తింటూ తెలిసినదే కొంటూ బతకమనడం, ముఖ్యంగా ఆడవాళ్లను, ఒక రకమైన ఆకలికి అలవాటు చెయ్యడమే. కొత్త రుచి మొదటిసారే నచ్చదు, ఒకటికి పదిసార్లు నాలుకకు తగలాలి అని పిల్లల తిండి గురించి పరిశోధించినవాళ్లు చెప్తారు. అంటే అభిరుచి అన్నది పారబోయగలిగిన స్తోమతు మీద పెరుగుతుంది. అది లేనివాళ్లను "వాళ్లకు టేస్టు లేదు" అనడం అన్యాయం. కానీ ఆ ప్రయోగం విఫలమైతే దాన్ని నేనే మొయ్యాలి. నా ఎంగిలి నష్టాన్ని ఇంకొకరి గిన్నెలో వేసి చేతులు కడుక్కోకూడదు. బాగున్నదాన్ని బాగున్నప్పుడే పంచుకోవాలి. బాగాలేనిదాన్ని సింకులో పారబోసి, ఆ శబ్దం వినాలి.

తెరిచిన వైన్ నాలుగైదు రోజులకు మించి నిలవదు, గాలి తగిలి పులుస్తుంది. వారం తర్వాత ఫ్రిజ్‌లో మిగిలిన సగం సీసా పారబోశాను. స్టీలు సింకులో ఎర్రటి గీత జారుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడైతే ఏదో ఒక కూరలో పోసి ఉండేది.

ఆ రాత్రి ఖర్చుల పుస్తకంలో కొత్త పేజీ తీశాను. పైన "చూసినవి" అని రాశాను. మొదటి వరసలో వైన్, 940, కాగితానికి 20, సగం పారబోశాను. దాని కింద పాత తారీకులతో కినోవా, కేకు, బ్రోకలీ. సంక్రాంతికి మా ఇంట్లో పని చేసే ఆమెకు ఇచ్చే చీర, పాత గిన్నెల బదులు ఈసారి డబ్బే ఇచ్చాను. జీతం పెంచాను, అది నేను మూడేళ్లుగా వాయిదా వేస్తున్న పని. దీంతో ఏదో సరిపోయిందని చెప్పడం లేదు.

ఇంట్లో అందరికీ ఆ పేజీలో నెలకు రెండు వందలు పెట్టాను. ఏం కొన్నారని ఎవరూ అడగకూడదు. మా అబ్బాయి మొదటి రోజే ఖర్చు పెట్టేశాడు. అత్తయ్యను "మీరేం చూస్తారు?" అని అడిగితే "నాకేం కావాలే, ఈ వయసులో" అన్నారు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగారు.

"ఆ పుట్టగొడుగులు ఎట్లా ఉంటాయే అమ్మాయ్?"

సాయంత్రం రెండు వందల గ్రాముల పొట్లం తెచ్చాను. అత్తయ్య చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని చూశారు. "వండాక నాకు సయించకపోతేనో?" అన్నారు.

"పారేద్దాం అత్తయ్యా" అన్నాను. "ముందు మీరు రుచి చూడండి."